చెవి ఆరితే చాలదు, వినబడాలి

పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె అనగానే ఎవరికైనా యురేనియమే గుర్తొస్తుంది. 2007లో శంకుస్థాపన జరిగి, 2012 నాటికి శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టిన ఆ గని గురించి, కె.కె.కొట్టాల దగ్గరి వ్యర్థాల చెరువు గురించి, బోరునీళ్ల మీద రైతుల ఫిర్యాదుల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, రాయవలసింది ఇంకా ఉంది. ఇక్కడ చెప్పదలచుకున్నది వేరే సంగతి. గని గేటు లోపల ఉన్న ఒక మంచి నియమం గేటు బయట లేదు. గనుల నిబంధనల ప్రకారం కార్మికుణ్ని పనిలోకి తీసుకునే ముందు, ఆ తర్వాత కనీసం అయిదేళ్లకోసారి వైద్య పరీక్ష చేయించాలి. చెవి ఎంత వింటున్నదో చూడడం అందులో భాగం. అదే కార్మికుడి ఇంట్లో ఏళ్ల తరబడి చీము కారే చెవితో బడికి పోయే కూతురికి గానీ, పక్క చేనులో చీనీ చెట్లకు నీళ్లు కట్టే అన్నకు గానీ వినికిడి ఎంత మిగిలిందో కొలిచే బాధ్యత ఎవరి మీదా లేదు. అందుకే మందుతోనో ఆపరేషన్‌తోనో బాగయ్యే చెవుడు రాయలసీమ పల్లెల్లో జీవితాంతపు చెవుడుగా మిగిలిపోతున్నది.

చెవి కారడాన్ని మన పల్లెల్లో జబ్బు కింద లెక్కపెట్టరు. జలుబు లాంటిదే అనుకుంటారు. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకు పసరు, కోడి ఈక, అగ్గిపుల్లకు చుట్టిన దూది, చివరికి ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు. వైద్యం అక్కడితో సరి. వారం రోజులు ఆగుతుంది, తలంటు పోసుకుంటే మళ్లీ మొదలవుతుంది. ‘చిన్నప్పట్నుంచీ కారతానే ఉంది, పెద్దయితే అదే పోతుంది’ అన్న మాటతో పదేళ్లూ ఇరవై ఏళ్లూ గడిచిపోతాయి. ఆడపిల్లకైతే ఇంకో భయం తోడవుతుంది. వాసన సంగతి తెలిస్తే సంబంధాలు రావని చెవిలో దూది కుక్కి, జుట్టు దువ్వి కప్పేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 6.5 కోట్ల నుంచి 33 కోట్ల మందికి ఇలా చెవి కారుతున్నది, వారిలో 60 శాతం మందికి చెప్పుకోదగ్గ వినికిడి లోపం ఉన్నది. జనాభాలో 4 శాతానికి మించి ఈ జబ్బు ఉన్న ప్రాంతాల జాబితాలో ఆ నివేదిక భారతదేశాన్నీ చేర్చింది. ఒక సమాజంలో 4 శాతం దాటితే దాన్ని వెంటనే పట్టించుకోవలసిన భారీ ప్రజారోగ్య సమస్యగా చూడాలన్నది అదే సంస్థ పెట్టుకున్న గీటురాయి. కలరాకో డెంగీకో ఇందులో సగం అంకె కనిపించినా జిల్లా యంత్రాంగం ఊళ్లో దిగుతుంది. చెవి చీము ఒక్కసారిగా చంపదు కాబట్టి ఎవరూ దిగరు.

ఈ చీము ఏం పాడుచేస్తుందో తెలిస్తే గానీ వాదన ముందుకు సాగదు. కర్ణభేరికీ లోపలి చెవికీ మధ్య మూడు బుల్లి ఎముకలున్నాయి: సుత్తి, దాగలి, అంకవన్నె. అంకవన్నె ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు, మనిషి ఒంట్లో అంతకంటే చిన్న ఎముక లేదు. వీటి అవసరం ఏమిటంటే, గాలిలో వచ్చే శబ్దం లోపలి చెవిలోని ద్రవాన్ని నేరుగా తాకితే దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. అంకవన్నె అడుగు పలక కంటే కర్ణభేరి వైశాల్యం 17 రెట్లు పెద్దది. పెద్ద వైశాల్యం మీద పడిన ఒత్తిడి చిన్నదాని మీదికి చేరేసరికి, ఎముకల మీటు బలం కూడా తోడై, సుమారు 22 రెట్లవుతుంది. మూడు ఎముకల్లో ముందుగా దెబ్బతినేది దాగలి పొడవాటి కొమ్ము. దానికి రక్తం అందించే నాళాలు చాలా సన్ననివి, చీములో ఏళ్ల తరబడి నానితే చివర అరిగి, తెగిపోతుంది. తెగాక వినికిడి 40 నుంచి 60 డెసిబెల్స్ దాకా పడిపోవచ్చు. మామూలు మాట ఒక మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉంటుంది కాబట్టి, రెండు చెవులూ ఇలా అయినవాడికి ఎదుటివాళ్ల సంభాషణ చాలావరకు పెదవుల కదలికే. అయితే ఇంత జరిగినా లోపలి చెవి, నరం చాలావరకు బాగానే ఉంటాయి. బోరులో నీళ్లుండి, మోటారు బాగుండి, స్తంభం మీద కరెంటు కూడా ఉండి, మధ్యలో తీగ తెగితే చేను ఎండుతుంది. అప్పుడు స్టార్టరు పెట్టెకు కొత్త మూత బిగించినంత మాత్రాన నీళ్లు రావు. కర్ణభేరి చిల్లి మూసి, తెగిన ఎముకను అలాగే వదిలేసి పంపించడం ఆ మూత బిగించడం లాంటిదే.

తెగిన ఎముకను అతికించే విద్య కొత్తదేమీ కాదు. 1950లలో జర్మనీలో వుల్‌స్టైన్, జోల్‌నర్ అనే ఇద్దరు సర్జన్లు చెవి ఆపరేషన్ ధ్యేయాన్నే మార్చారు. అంతకుముందు చెవి వెనకనున్న మాస్టాయిడ్ ఎముకను తొలిచి చీమును తీసేసి ప్రాణం కాపాడడమే పని, వినికిడి పోతే పోనిమ్మన్నారు. వీళ్లు టింపనోప్లాస్టీ అన్న కొత్త పద్ధతితో, చెవి ఆరడమే కాదు, వినబడాలి కూడా అన్నారు. 1957లో హాల్, రిట్జ్‌నర్ రోగి సొంత ఎముకనే తీసి మళ్లీ అమర్చి చూపారు. తర్వాత కొంతకాలం చనిపోయినవారి చెవి ఎముకలను భద్రపరిచి వాడారు, అంటురోగాల భయంతో మానుకున్నారు. 1970లలో ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ ఎముకలు, ఆ తర్వాత ఎముక ఖనిజం లాంటి హైడ్రాక్సీ అపటైట్, 1990ల నుంచి టైటానియం వచ్చాయి. టైటానియం తేలిక, ఒంటికి పడుతుంది, కానీ ఖరీదు. ఈ చరిత్రలో మనకు పనికొచ్చే విశేషం ఏమిటంటే, ఇన్ని వస్తువులు వచ్చినా రోగి సొంత దాగలిని చెక్కి వాడే పాత పద్ధతి చెల్లిపోలేదు. సరైన రోగిని ఎంచుకుంటే దాని ఫలితాలు ఖరీదైన వాటికి తీసిపోవు. పేద ప్రాంతాలకు ఇంతకంటే శుభవార్త వైద్యంలో అరుదుగా దొరుకుతుంది.

ఆ పని ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. చెవి వెనక కోత పెట్టి, కణత కండరం మీది పల్చటి పొరలోంచి ఒక ముక్క తీసి పక్కన ఆరబెడతారు. రేపటి కర్ణభేరి అదే. చిల్లి అంచులు గీరి శుభ్రం చేసి, కర్ణభేరిని మెల్లగా పక్కకు మడిచి మైక్రోస్కోపులో చూస్తే దాగలి కనిపిస్తుంది. కొమ్ము కొస ఉండవలసిన చోట ఎముకకు బదులు తెల్లటి నారపోగు వేలాడుతుంటుంది. సర్జన్ సన్నటి సూది మొనతో సుత్తిని కదుపుతాడు. అంకవన్నె కదలదు. గొలుసు ఎక్కడ తెగిందో తేలిపోయింది. అప్పుడు పాడైన దాగలిని బయటికి తీసి, చిన్న పట్టకారుతో పట్టుకుని, వజ్రపు పొడి అద్దిన, గిర్రున తిరిగే బుల్లి ములుకుతో నీటి చుక్కలు పడుతుండగా చెక్కుతాడు. ఒక పక్క సుత్తి పిడి ఆనేందుకు గాడి, మరో పక్క అంకవన్నె తల కూర్చునేందుకు మిల్లీమీటరు పాటి గుంట. చెయ్యి ఒక వెంట్రుకంత జారితే ఎముక పిండి అవుతుంది. చెక్కినదాన్ని రెండు ఎముకల మధ్య ఇరికించి, సుత్తిని మళ్లీ కదిపి చూస్తాడు. ఈసారి అంకవన్నె కదులుతుంది. చుట్టూ కరిగిపోయే జిలాటిన్ దూది పేర్చి, ఆరబెట్టిన పొరను పైన పరుస్తారు. చెవి చుట్టూ మాత్రమే మత్తు ఇచ్చి చేసినప్పుడు రోగి బల్ల మీదే ‘వినబడుతోంది’ అనడమూ ఉంటుంది. కానీ గాయం మాని, జిలాటిన్ కరిగి, అసలు ఫలితం తేలడానికి నెలలు పడుతుంది. కొత్త ఎముకకు పైసా ఖర్చు లేదు, అది రోగిదే. ఖర్చంతా మైక్రోస్కోపుది, సర్జన్ చేతికి కావలసిన అభ్యాసానిది, ఆ తర్వాత నెలల తరబడి కనిపెట్టుకుని ఉండడానిది.

మన వ్యవస్థ తడబడుతున్నది సరిగ్గా ఈ మూడింటి దగ్గరే. 2007 నుంచి ఆరోగ్యశ్రీగా, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఎందరో పేదల ప్రాణాలు నిలిపింది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అది ఆపరేషన్లను లెక్కపెట్టే పథకం. ఫలానా ఆపరేషన్ జరిగింది, రోగి ఇంటికి వెళ్లాడు, ప్యాకేజీ డబ్బు వచ్చింది. చెవి విషయంలో ఆ లెక్క సగమే. గుండె కవాటం మార్చితే మనిషి బతికి నడుస్తున్నాడా అన్నది కంటికి కనిపిస్తుంది. చెవి ఎముక అమర్చితే అతనికి ఎన్ని డెసిబెల్స్ తిరిగొచ్చాయో ఆడియోగ్రామ్ తీస్తే గానీ తెలియదు. మూడు నెలలకు, ఏడాదికి ఆ పరీక్ష తీయించే ఏర్పాటు లేనప్పుడు సర్జన్ కూడా తన పనితనం ఏమిటో తెలుసుకోలేడు. ఆపరేషన్ తర్వాత ఎముక పక్కకు జరిగిందా, పొర లోపలికి లాక్కుపోయిందా, కొత్త చిల్లి పడిందా అన్నది చెవి వాపు తగ్గాక వచ్చిన రోగిని చూస్తేనే తెలుస్తుంది. రోగి మాత్రం చెవి ఆరగానే పని అయిపోయిందనుకుంటాడు. వ్యవస్థ కూడా అదే అనుకుంటున్నది.

ఇంకో అన్యాయం చట్టపు అంకెల్లో ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉన్నవారిని వినికిడి తక్కువవారిగా, 70 దాటినవారిని చెవిటివారిగా గుర్తిస్తుంది. చెవి చీముతో ఎముకలు తెగినవారిలో చాలామంది 60కి ఇవతలే ఆగిపోతారు, లేదా ఒక చెవి మరీ పోయి రెండోది సగం మిగిలి ఉంటుంది. వైకల్య ధ్రువీకరణకు సదరం శిబిరానికి వెళ్తే సర్టిఫికెట్ రాదు. తరగతిలో వెనక బెంచీలో కూర్చుంటే పాఠం వినబడదు. చెవిటివాడు కాడు, వినేవాడూ కాడు. పుట్టు చెవుడు పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించిన ఘనత ఈ రాష్ట్రానిది. ఆ పసివాళ్లు తొలిసారి శబ్దం విన్నప్పటి ముఖాలు టీవీల్లో చూసి కళ్లు చెమర్చని వాళ్లుండరు. పుట్టుకతో విని, మాట్లాడి, బడిలో చేరాక మెల్లమెల్లగా వినికిడి పోగొట్టుకునే పిల్లలకు అలాంటి దృశ్యం ఏదీ లేదు. వాళ్లను మాస్టర్లు మొద్దులంటారు, ఇంట్లోవాళ్లు మొండివాళ్లంటారు.

ముందు నివారణ చూడాలి, ఎముకలు అతికించే ఖరీదైన పనులు తర్వాత అని ప్రజారోగ్యం తెలిసినవారు అంటారు. ఈ మాటలో నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు. పిల్లల్లో ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే నాళం పొట్టిగా, చదునుగా ఉంటుంది, జలుబు సులభంగా చెవికెక్కుతుంది. ఇరుకు ఇళ్లు, పొయ్యి పొగ, పోషకాహార లోపం దాన్ని పెంచి పోషిస్తాయి. చీము పట్టిన మొదటి రోజుల్లోనే చెవిని పొడిగా తుడిచి, సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు సరిగ్గా వేస్తే చాలా చెవులు ఎముక దాకా పోవు. మాత్రల కంటే ఆ చుక్కలే మేలని పరిశోధనలు తేల్చాయి కూడా. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకవలసిన 30 సమస్యల్లో చెవి చీమును చేర్చింది. పల్లె ఆరోగ్య కేంద్రాలు ఇవ్వవలసిన సేవల జాబితాలో చెవి, ముక్కు, గొంతు సమస్యలున్నాయి. అంటే నివారణకు కాగితం మీద దారి ఉన్నది. కానీ నివారణ, మరమ్మతు ఒకదానికొకటి పోటీ కావు. బడిలో ఒక పిల్ల చెవి కారుతున్నదని ఆరోగ్య బృందం గుర్తించి రాస్తే, ఆ కాగితం పట్టుకుని తండ్రి ఎక్కడికి పోవాలి? పైన చేసేవాళ్లు లేనప్పుడు కింద వెతికేవాళ్లు కూడా కొన్నాళ్లకు వెతకడం మానేస్తారు. పైగా ఇప్పటికే ఎముక తెగిన చెవికి నివారణ అన్న మాటకు అర్థం లేదు. ఇరవై ఏళ్ల వాడికి రేపటి పిల్లల నివారణ చూపి, నువ్వు ఇలాగే ఉండు అనడం న్యాయం కాదు.

సర్జన్ల నుంచే వచ్చే అభ్యంతరం మరింత బరువైనది: ఎముకల అమరిక ఫలితాలు ఖచ్చితంగా ఉండవు. గాలి ద్వారా వినికిడికీ ఎముక ద్వారా వినికిడికీ మధ్య తేడా 20 డెసిబెల్స్ లోపుకు వస్తే పని సఫలమైందంటారు. అంకవన్నె పై వంపు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు ప్రపంచవ్యాప్తంగా ప్రచురితమైన ఫలితాలు మూడింట రెండొంతుల దరిదాపుల్లో ఉంటాయి. అడుగు పలక మాత్రమే మిగిలితే సగం వరకూ దిగుతాయి. కొందరిలో పెట్టినది జరిగిపోతుంది, కొందరిలో కర్ణభేరిని తొలుచుకుని బయటికొస్తుంది. కొలెస్టియటోమా ఉన్న చెవిలో, అంటే చర్మం లోపలికి పెరిగి ఎముకలను తినే రకంలో, రోగి సొంత ఎముకను మళ్లీ వాడడం మంచిది కాదు. చాలాసార్లు ముందు జబ్బును పూర్తిగా తీసి, నెలల తర్వాత రెండోసారి తెరిచి, అప్పుడు ఎముక అమర్చాలి. ఇదంతా నిజమే. అందుకని ఏం చేయాలి? మోకాలి ఆపరేషన్‌లో అందరూ పరుగెత్తరు, శుక్లం ఆపరేషన్‌లో అందరికీ సమానంగా చూపు రాదు. రోగికి ముందే చెప్పి, అవకాశం ఎక్కువున్న వారిని ఎంచుకుని చేస్తాం. ఇక్కడా ఆ ఎంపికకు పద్ధతులున్నాయి. కార్టుష్ 1990లలో రూపొందించిన మధ్యచెవి రిస్కు సూచిక చెవి కారుతున్నదా, ఏ ఎముక మిగిలింది, లోపలి పొర ఎలా ఉంది, ఇంతకుముందు ఆపరేషన్ అయిందా అన్న ప్రశ్నలకు మార్కులు వేస్తుంది. తర్వాత సవరించిన సూచికలో పొగతాగడం కూడా చేరింది. బీడీ మానితే ఊపిరితిత్తులకే కాదు, చెవికి కూడా మేలన్న సంగతి మన పల్లెల్లో ఒక్క గోడ మీదా రాసి లేదు. ఫలితం అనిశ్చితం కాబట్టే కొలవాలి. కొలవకుండా అనిశ్చితం అంటూ కూర్చుంటే అది ఎప్పటికీ అనిశ్చితంగానే ఉంటుంది. పైగా ఆలస్యానికి ధర ఉంది. ఏళ్ల తరబడి చీము నిలిచిన కొందరి చెవుల్లో నష్టం లోపలి నరం దాకా పాకుతుంది, అప్పుడు ఏ ఎముకా దాన్ని తిరిగి తేలేదు. కొలెస్టియటోమా అయితే ముఖం పక్షవాతం, మెదడు వాపు, మెదడులో చీముగడ్డ దాకా పోవచ్చు. ఆ 2004 నివేదిక చెవి జబ్బు వల్ల ఏటా 28,000 మరణాలని లెక్కగట్టింది.

మరికొందరు వినికిడి యంత్రం ఇస్తే పోయేదానికి ఇంత హంగామా ఎందుకంటారు. నరం పోయినవాడికి యంత్రమే ఆధారం, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ కారే చెవిలో యంత్రపు మొన బిగిస్తే గాలి ఆడక చీము ఇంకా పెరుగుతుంది, యంత్రం కూడా చెడుతుంది. చెవి ఆరాక పెట్టినా బ్యాటరీలు, రిపేర్లు, మొన మార్పులు. పులివెందులలో దొరకకపోతే కడప, కడపలో దొరకకపోతే తిరుపతి. మే నెల ఎండలో చెమటకు తడిసే చెవితో మిరప చేనులో పనిచేసే మనిషి ఆ యంత్రాన్ని ఎన్నాళ్లు పెట్టుకుంటుందో అందరికీ తెలుసు. నరం బాగున్న చెవిలో తెగినది ఎముక అయినప్పుడు ముందు ఎముకను బాగుచేయడానికి ప్రయత్నించాలి. అది సాధ్యపడనప్పుడు, రోగి ఆపరేషన్ వద్దన్నప్పుడు యంత్రం ఇవ్వాలి. మనం ఆ వరసను తలకిందులు చేస్తున్నాం.

కావలసినవాళ్లు రాయవేలూరు పోతారు, బెంగళూరు పోతారు, హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది కదా అన్నది తరచూ వినే మాట. సీమ రోగులకు వేలూరు సీఎంసీ తరతరాల అలవాటు, అక్కడి వైద్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ ఆపరేషన్ ఒక్క రోజు పని కాదు. ముందు చెవి ఆరే దాకా రాకపోకలు, తర్వాత కుట్లకు, దూది తీయడానికి, మూడో నెలకు, ఏడాదికి. కూలి పోగొట్టుకుని, తోడు ఒకరిని వెంటబెట్టుకుని అన్నిసార్లు పోగలిగేవాళ్లు ఎందరు? రెండో ఆపరేషన్ అవసరమైతే? శిబిరాల సంగతీ అంతే. 1991లో పట్టాలెక్కిన లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్ రైల్లో వేలమందికి చెవి ఆపరేషన్లు చేశారు, అదొక గొప్ప సేవ. చిల్లి మూయడానికి శిబిరం సరిపోవచ్చు. ఎముక అమర్చిన చెవిని ఏడాది పాటు చూసుకోవాలి, రైలు అంతకాలం ఒకచోట ఆగదు. జిల్లాలోనే ఉండే ఆసుపత్రి, అందులో ఏళ్ల తరబడి ఉండే సర్జన్ కావాలి. 2006లో మొదలైన కడప రిమ్స్, కర్నూలు సర్వజన ఆసుపత్రి అందుకే ఉన్నాయి.

తుమ్మలపల్లె లాంటి చోట ఇంకో ప్రశ్న వస్తుంది. నీళ్ల గురించి, రేడియేషన్ గురించి ఇంత ఆందోళన ఉంటే చెవుల గోల ఏమిటని. చెవి చీముకూ యురేనియానికీ ముడిపెట్టి భయపెట్టడం తప్పు, నేను ఆ పని చేయను. యురేనియం గని లేని వేంపల్లె, ముద్దనూరు పల్లెల్లోనూ చెవులు కారుతూనే ఉన్నాయి. గనికీ చెవికీ ఉన్న అసలు సంబంధం చప్పుడు. డ్రిల్లింగు, పేలుళ్లు, మిల్లు రొద నడుమ ఏళ్లు పనిచేసినవారికి లోపలి చెవిలోని సున్నితమైన కణాలు చచ్చిపోతాయి. ఆ చెవుడుకు ఎముకల ఆపరేషన్ పనికిరాదు. అందుకే ఇది ఏ రకం చెవుడో విడదీసి చెప్పగల మనిషి ఊరికి దగ్గర్లో ఉండడం మరింత అవసరం. 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు ఒకటి చాలు. మోగించి చెవి ముందు, తర్వాత చెవి వెనక ఎముక మీద పెట్టి ఎక్కడ గట్టిగా వినబడుతోందని అడిగితే చాలు. ఎముక మీదే బాగా వినబడితే సాధారణంగా లోపం మధ్యలో, బాగుచేయడానికి అవకాశం ఉన్నచోట. ఈ పరీక్షకు కరెంటు కూడా అక్కర్లేదు. పల్లె ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సుకు ఒక పూటలో నేర్పవచ్చు.

అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. పథకం కింద చేసే ప్రతి టింపనోప్లాస్టీకి ముందు ఒక ఆడియోగ్రామ్, మూడు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి తప్పనిసరి చేయాలి. ప్యాకేజీ డబ్బులో కొంత ఆ చివరి ఆడియోగ్రామ్ అందాకే ఇవ్వాలి, అందులోనే రోగి బస్సు ఛార్జీ కూడా ఉండాలి. చెవి ఆరిందా అన్న గడితో పాటు ఎన్ని డెసిబెల్స్ పెరిగాయన్న గడి కూడా నింపాలి. అప్పుడు ఎముక అమర్చకుండా మూసేసిన చెవుల లెక్క దానంతటదే బయటపడుతుంది. ఇందువల్ల ఆసుపత్రులు కష్టమైన రోగులను తిప్పి పంపే ప్రమాదం లేకపోలేదు. అందుకే డబ్బును ఫలితానికి కాకుండా కొలతకు ముడిపెట్టాలి. వినికిడి పెరగకపోయినా, కొలిచి నిజం రాసినవాడికి పూర్తి డబ్బు అందాలి. కర్నూలు వైద్య కళాశాలలో పీజీ విద్యార్థులు కణత ఎముక మీద చెక్కుడు అభ్యాసం చేసే ల్యాబ్ ఏడాది పొడుగునా నడవాలి. మైక్రోస్కోపు కింద మిల్లీమీటరు గుంట తొలచడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. 2006లో మొదలైన జాతీయ చెవిటితన నివారణ కార్యక్రమం జిల్లా ఆసుపత్రికి ఆడియాలజిస్టును ఇస్తుంది. పులివెందుల స్థాయిలో కూడా ఒక పోస్టు, ఒక శబ్దం చొరని గది ఉంటే రోగి కడప దాకా ఊరికే తిరగనక్కర్లేదు. వినికిడి మీద పెట్టే ప్రతి డాలరుకు పదేళ్లలో దాదాపు 16 డాలర్లు సమాజానికి తిరిగొస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక లెక్కగట్టింది. మన దగ్గర అంత రాకపోయినా, అందులో నాలుగో వంతు వచ్చినా ఇది నష్టపు బేరం కాదు.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ప్యాకేజీ నిబంధనలు మార్చే అధికారం వైద్య సేవా ట్రస్టు చేతిలోనే ఉంది. ఆడియాలజిస్టు పోస్టు, బడి పిల్లల చెవి పరీక్ష, నర్సుకు ట్యూనింగ్ ఫోర్కు జిల్లా స్థాయిలో కదలగల పనులు. వచ్చే విద్యా సంవత్సరం బడులు తెరిచేలోగా తుమ్మలపల్లె ఉన్న వేముల మండలంలో ప్రతి బడిలోనూ పిల్లల చెవులు చూసి, చిల్లి ఉన్నవారి పేర్లు కడపకు పంపి, వారిలో ఎముకలు తెగినవారెందరో లెక్క తేల్చవచ్చు. ఆ లెక్క వచ్చాక ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు, ఎందరు సర్జన్లు, ఎన్ని గంటల మైక్రోస్కోపు సమయం కావాలో అధికారులు కాగితం మీద వేసుకోగలరు.